సాలులో ఊద

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, ఆయన పోయారు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు, అతనూ పోయాడు. ఇక మిగిలింది మీరు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇప్పుడు కలం పట్టుకోగలిగాను.

నలభై ఏళ్ళు మోశాను. గుండెల మీద బండలా ఉంటుందంటారు ఇలాంటివి. నాకలా లేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉండేది. పనిలో పడితే మరిచిపోయేదాన్ని. పని అయిపోగానే నాలుక మళ్ళీ అక్కడికే పోయేది. నేను చేసింది చెప్పడానికి రెండు ముక్కలు చాలు. కానీ రెండు ముక్కల్లో చెప్పేస్తే, ఎవరికి చేశానో మీకు తెలియదు. అది తెలియకపోతే చేసింది ఏమిటో కూడా తెలియదు.

నన్ను చోడవరానికి కోసెడు దూరంలో ఉన్న ఊరికి ఇచ్చారు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. ఐదో క్లాసు చదివాను కాబట్టి ఆ ఇంట్లో ఉత్తరం వస్తే చదివేది నేనే. నేను కాపురానికి వెళ్ళిన రెండో ఏడే మా అత్తగారు కాలం చేశారు. ఇంట్లో మా మావగారు, మా ఆయన, మా మరిది. మరిది పేరు సన్నిబాబు. అప్పటికి పదేళ్ళ గుంటడు. తల్లి పోయిన నెలంతా అన్నం ముందు కూర్చుని ఊరికే చూస్తుండేవాడు. ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. తల దువ్వాను. జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. నేనే చిన్నదాన్ని, అయినా వాడికి నేను పెద్దదాన్ని. వాడు వదినా అని పిలిస్తే అందులో అమ్మా అనే పిలుపు కూడా ఉండేది. ఇది నేను గొప్పకి రాయడం లేదు. ఆ చేత్తోనే ఆ పని చేశానని రాస్తున్నాను.

అత్తగారు పోయాక ఇంటి విత్తనం నా చేతికి వచ్చింది. వ్యవసాయదారుల ఇళ్ళలో దున్నడం మగవాళ్ళదైనా విత్తనం ఆడవాళ్ళది. ఎండబెట్టడం, చెరగడం, జల్లెడ పట్టడం, తాలు తీసెయ్యడం, వేపాకు వేసి దాచడం. అన్నిటికన్నా పెద్ద పని ఊద ఏరడం. ఊద అంటే వరిలో పెరిగే కలుపు. మొక్కగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, వరి బలమంతా తనే తినేస్తుంది. వెన్ను తీస్తే గాని చాలామందికి పట్టుబడదు. దాని గింజ సన్నం. జల్లెడ కిందికి దిగిపోతుంది. ఆ దిగిన గింజలు పారెయ్యకుండా ఒక కుండలో పోసి ఉంచేదాన్ని, కోళ్ళకి వెయ్యడానికి. మా ఇంటి విత్తనంలో కలుపు ఉండదని ఊళ్ళో పేరు. ఆ పేరు నాది.

మా ఆయనకి ఇంకో పేరుండేది. మాకు గరువులో మూడెకరాలు ఉంది. గరువంటే నీరు నిలవని ఎత్తు నేల. అక్కడ ఊడ్పులు ఉండవు. తొలకరి పడగానే దున్ని, పొడి దుక్కిలో వడ్లు చేత్తో వెదజల్లడమే. ఆ జల్లడం అందరికీ రాదు. ఒకచోట గుప్పగా పడుతుంది, ఒకచోట బోడిగా ఉండిపోతుంది. మా ఆయన చెయ్యి వేరు. అడుగుకో పిడికిలి. ఆయన జల్లిన మడిలో కోడి కూడా ఒక్కచోట నిలబడి రెండు గింజలు తినలేదని అనేవారు. విత్తనాల రోజులు వచ్చాయంటే ఊళ్ళో వాళ్ళంతా మా గుమ్మంలోకి వచ్చి పిలిచేవారు. తక్కిన ఏడాదంతా ఆయన ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఆ పది రోజులే ఆయన తల ఎత్తుకుని నడిచేవారు. ఆయన వెనక నేనూ.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకో మూడేళ్ళకో, ఒక జ్యేష్ఠమాసంలో, సన్నిబాబు చోడవరం సంతకి వెళ్ళి బండి మీద ఒక ఇనప గొర్రు వేసుకు వచ్చాడు. బ్లాకాఫీసు వాళ్ళు రైతులకి వాడి చూడమని ఇస్తున్నారట. పైన విత్తనం పోసే డబ్బా, దాని కింద నాలుగు రేకు గొట్టాలు, గొట్టాల కొసన నేలని చీల్చే కర్రులు. ఎడ్లు లాగుతుంటే గింజ గొట్టంలోంచి దిగి, రెండు వేళ్ళ లోతున, వరసగా కర్రు గీసిన సాలులో పడుతుంది. మొక్క వరసలో లేస్తుంది కాబట్టి సాలుకీ సాలుకీ మధ్య కలుపు తియ్యడానికి, చేత్తో తోసుకుంటూ పోయే పళ్ళ చక్రం కూడా దాంతో పాటు ఇచ్చారు. వంగి పీకక్కర్లేదు. నిలబడి తోసుకుంటూ పోవడమే.

సన్నిబాబుకి అప్పటికి ఇరవై ఏళ్ళు. వాడి ముఖం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. గొర్రు చుట్టూ తిరుగుతూ, ఒక్కో గొట్టంలోంచి ఊది చూపిస్తూ నాకు చెబుతున్నాడు.

"ఇంక సేత్తో జల్లడాలు ఎల్లిపోతాయి వదినా. మేడి పట్టుకున్నోడెవడైనా ఇత్తనం ఎయ్యగలడు."

వాడు ఆ మాట ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. కానీ మా ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. విన్నారు. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట అన్నం సగం వదిలేశారు.

మా మావగారు న్యాయంగానే తీర్పు చెప్పారు. "సగం మడి పెద్దోడు సేత్తో జల్లుతాడు. సగం సిన్నోడు గొర్రుతో ఎయ్యనీ. ఏది బాగా వస్తే వచ్చే ఏటికాడ్నించీ అదే."

అదే మాట నన్ను తినేసింది. వచ్చే ఏటి నుంచి అదే. అంటే ఆ పది రోజులు కూడా మా ఆయనకి ఉండవు. నేనిది ఆయన కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమా? సగం నిజం. ఆయన గొప్పలో నాకూ వాటా ఉండేది. విత్తనాల రోజుల్లో నూతి దగ్గర నాకు ముందు దారి ఇచ్చేవారు. అది పోతుందని భయం. ఇంకొకటి కూడా ఉంది, ఇన్నాళ్ళూ నాకు నేనే ఒప్పుకోనిది. నా చేతుల్లో పెరిగినవాడు నన్ను అడగకుండా ఒక పెద్ద పని తలపెట్టాడే అని లోపల గుచ్చుకుంది. అంత చిన్న మనసా నాది? అవును. అంత చిన్నదే.

విత్తనాలకి ముందు రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. రెండు సంచుల వడ్లు సిద్ధం చేశాను. ఒకటి మా ఆయనకి, ఒకటి మరిదికి. రెండూ ఒకేలా చెరిగాను, ఒకేలా జల్లెడ పట్టాను. అంతవరకూ నా మనసులో ఏమీ లేదు. ఉందేమో, నాకు తెలియదు. కోళ్ళు అరుస్తుంటే ఊద కుండ తెచ్చాను. గుప్పెడు తీసి వాటికి చల్లాను. తర్వాత కుండలోంచి రెండు తవ్వలు కొలిచి మరిది సంచిలో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాను. కోపంగా కలపలేదు. ఏడుస్తూ కలపలేదు. పప్పులో ఉప్పు కలిపినట్టు కలిపాను. సంచి మూతి కట్టి, చేతులు కడుక్కుని, పొయ్యి రాజేశాను.

ఎందుకు ఊదే కలిపాను? విత్తనం తగ్గించెయ్యొచ్చు, గొట్టంలో మట్టి కుక్కెయ్యొచ్చు. అవి అప్పుడే బయటపడతాయి. నేను విత్తనం తెలిసినదాన్ని. గొట్టంలోంచి పడితే ఊద కూడా సాలులోనే మొలుస్తుందని, పళ్ళ చక్రం సాళ్ళ మధ్యకే గాని సాలులోకి పోదని, వాడు గొర్రు చూపిస్తూ చెప్పినప్పుడే నాకు అర్థమైంది. వాడు సంబరంగా చెప్పిన దాంట్లోంచే వాడికి గొయ్యి తీశాను.

మర్నాడు మడిలో సన్నిబాబు సంచి మూతి విప్పాడు. చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే చూస్తాడు. చూస్తే ఆరోజే అయిపోయేది, బహుశా అదే బాగుండేది. కానీ చూడలేదు. వాడి చూపంతా గొట్టాల మీదే. సంచి ఎత్తి డబ్బాలో పోసేశాడు. వదిన బాగుచేసిన విత్తనాన్ని చూసుకోవడం వాడికి తోచనే లేదు.

మొలక వచ్చింది. ఇక్కడ నేను నిజం రాయాలి. గొర్రుతో వేసిన సగం బ్రహ్మాండంగా మొలిచింది. చేత్తో జల్లిన వైపు పైన పడిన గింజల్ని పిట్టలు తిన్నాయి, మధ్యలో ఎండ కాస్తే కొన్ని మాడాయి, మా ఆయన చెయ్యి ఎంత మంచిదైనా అక్కడక్కడా బోడిగానే ఉండిపోయింది. గొర్రు వైపు గింజ లోతున తడిలో పడింది కాబట్టి ఒక్కసారే లేచింది. తాడు పట్టి గీసినట్టు సాళ్ళు. ఊరంతా వచ్చి చూశారు. నెల తిరగకుండా కలుపు తీతలు వచ్చాయి. మా ఆయన వైపు పన్నెండుమంది ఆడవాళ్ళం మూడు రోజులు వంగి పీకాం. సన్నిబాబు ఒక్కడూ రోజున్నరలో తన సగం తోసేసి, గట్టు మీద కూర్చుని చెరుకుముక్క తిన్నాడు. మా మావగారు ఆ గట్టు మీదే నిలబడి మీసం దువ్వుకున్నారు.

ఆ నెలలోనే నేను దిద్దుకోగలిగేదాన్ని. ఊదని నేను లేతలోనే పోలుస్తాను. మొదలు ఎరుపు తిరుగుతుంది, ఆకు కణుపు దగ్గర వరికి ఉండే చిన్న పొర దీనికి ఉండదు. ఒకరోజు పొద్దున్నే గడ్డి కోసే వంకతో వెళ్ళి సాలులో కూర్చున్నాను. ఒకటి పీకాను, రెండు, పది. తల ఎత్తి చూస్తే సాలు పొడుగునా అదే. ఒక్కదాన్నే అన్నీ పీకాలంటే వారం పడుతుంది, ఎవరైనా అడిగితే ఏం చెబుతాను? ఎలా తెలిసిందని చెబుతాను? లేచి వచ్చేశాను. మోపులో ఆ పది మొక్కలూ వేసుకుని ఆవుకి పెట్టాను.

పొట్ట దశ దాటాక ఊద వెన్ను తీసింది. వరి కంటే జానెడు ఎత్తున, సాలు వెంట సాలు, బంట్రోతుల్లా నిలబడింది. ఊరు నవ్వింది. "కలుపుని వరసలో నాటేడ్రోయ్" అన్నారు. మా మరిది కనిపిస్తే "ఊద పంట ఎన్ని బస్తాలౌతాదిరా?" అని అడిగారు. వాడు రెండు రోజులు మడిలోనే ఉన్నాడు. సాలులో గొంతుక్కూర్చుని మొక్క మొక్కా చూశాడు.

మూడో రోజు పొద్దున్న పెరట్లో నేను తోటకూర తుంచుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"వదినా, ఒక మాటడుగుతాను. ఏటీ అనుకోకు."

"ఏటి బాబూ?"

"భూమిలో పడున్న ఊద అయితే అక్కడోటీ అక్కడోటీ వస్తాది. ఇది సాలు తప్పి నేదు. గొట్టంలోంచే పడుండాల. ఇత్తనంలో ఏటైనా కలిసిందా?"

వాడి కళ్ళలో అనుమానం లేదు. నేను చెబితే చాలు అన్నట్టుంది. కలిసిపోయింది బాబూ, కుండ ఒలికింది అని ఒక అబద్ధం చెప్పినా వాడు బయటపడేవాడు. అది కూడా చెప్పలేదు. తోటకూర తుంచుతూనే అన్నాను.

"నాకేటి తెలుసు బాబూ? గింజ గింజా సూసే పోసేను. నీ మెషినులో ఏటుందో."

వాడు తల దించుకున్నాడు.

"తప్పు నాదే వదినా. ఈ మాట నిన్నడక్కుండా ఉండాల్సింది."

లేచి వెళ్ళిపోయాడు. నేను కూర తుంచడం ఆపలేదు. కాడలన్నీ ముక్కలు ముక్కలు చేశాను, వండడానికి పనికిరాకుండా.

ఆ వారంలోనే బ్లాకాఫీసు నుంచి గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చాడు. తెలిసిన మనిషే. మడిలో దిగి, రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకి, గట్టు మీద ఉన్న పదిమంది ముందూ అడిగాడు, విత్తనం ఎక్కడిది, ఎవరు బాగుచేశారు, అందులోనే ఊద ఉండొచ్చు కదా అని. మా మావగారు సన్నిబాబు వైపు చూశారు. మా ఆయన నేల చూశారు. నేను మజ్జిగ చెంబు పట్టుకుని వెనకే ఉన్నాను.

సన్నిబాబు అన్నాడు: "ఇత్తనం ఊసెత్తకండి బాబూ. అది మా వదిన బాగుసేసింది."

అంతే. ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నా పేరు అంత గట్టిది. లోపం విత్తనంలో లేదంటే గొర్రులోనే ఉంది, లేకపోతే తోలినవాడిలో ఉంది. గ్రామసేవకుడు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నాలుగు రోజులకి బండి వచ్చి గొర్రుని తీసుకుపోయింది. వాడు దాన్ని కడిగి, గుడ్డతో తుడిచి ఎక్కించాడు.

తర్వాతి ఏడు మూడెకరాలూ మా ఆయనే చేత్తో జల్లారు. నేను కోరుకున్నదే జరిగింది. కానీ ఆ ఏడు విత్తనం బాగుచెయ్యడానికి చాట తీస్తే ఆయన నా చేతిలోంచి తీసుకున్నారు. "నేను సెరుగుతాన్లే. నీకు నడుం నొప్పి కదా" అన్నారు. నాకు నడుం నొప్పి లేదు. ఆ ఏడే కాదు, ఆయన ఉన్నన్నాళ్ళూ మళ్ళీ నన్ను విత్తనం ముట్టనివ్వలేదు. ఆయనకి తెలుసా? సాలులో మొలిచిన దాన్ని చూసి అంత తెలిసిన మనిషి పోల్చుకోలేదా? పోల్చుకుంటే తమ్ముడి తరఫున ఎందుకు మాట్లాడలేదు? నేను అడగలేదు. అడిగితే నేను ఒప్పుకోవలసి వస్తుంది. మేమిద్దరం ముప్పై ఏళ్ళు ఒక మంచం మీద ఆ ప్రశ్నకి చెరో పక్కనా పడుకున్నాం.

సన్నిబాబు ఊరు విడిచిపోలేదు, కోపం పట్టలేదు. పోతే నాకు సుఖంగా ఉండేదేమో. మా ఇంట్లోనే ఉన్నాడు, నా చేతి అన్నమే తిన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. మంచి రైతే. కానీ తర్వాత ఏ కొత్త సంగతి వచ్చినా ముందుకు వెళ్ళలేదు. కొత్త ఎరువులొచ్చాయి, కొత్త విత్తనాలొచ్చాయి. ఎవరైనా అడిగితే "ముందు మీరు సూడండి" అనేవాడు. దేవరాపల్లి వైపు కొందరు గొర్రుతో వేసి బాగుపడ్డారని సంతలో విన్నాం. మా ఊరివాళ్ళు మాత్రం మా మట్టికి అది పడదని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. నేను అబద్ధం మా మరిదికి చెప్పాననుకున్నాను. ఊరికి చెప్పాను. ప్రతి ఏటా వానలో గోనె కప్పుకుని కలుపు తీస్తుంటే, నా వరసకి అటూ ఇటూ వంగిన నడుములు కనబడేవి. ఇందులో కొన్ని నేను వంచినవే అనిపించేది. ఒకసారి మా తోటికోడలు, సన్నిబాబు భార్య, పక్కనే పీకుతూ అంది, "అక్కా, మీ మరిది ఒకప్పుడు గొర్రు తెచ్చేడంట కదా. అదుంటే మనకీ ఒంగుళ్ళు తప్పేవి కాదేటి?" అప్పటికి దానికి ఏడో నెల. "అది పనిసెయ్యనేదులేవే" అన్నాను. రెండోసారి చెప్పిన అబద్ధం మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది.

మా ఆయన పోయిన కొన్నేళ్ళకి సన్నిబాబు మంచాన పడ్డాడు. ఊపిరి అందేది కాదు. పగలు నేను కూర్చునేదాన్ని. ఒకనాడు తనంతట తనే ఎత్తాడు. "వదినా, ఆ గొర్రు గుర్తుందా?" గుర్తుంది అన్నాను. నవ్వాడు. "కుర్రతనం. సెక్రం తోసీసి కలుపైపోనాదనుకున్నాను. సాలులో సెయ్యెట్టి పీక్కోవాలని తెల్దు. నా బద్ధకవేఁ దాన్ని సెడగొట్టింది. మెషిను మంచిదే."

నలభై ఏళ్ళు తన తప్పనుకున్నాడు. ఆ తప్పుని తిప్పి తిప్పి చూసుకుని, చివరికి ఒక కారణం కూడా కట్టుకుని, దానితో రాజీపడ్డాడు. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఉన్న ఆ కాస్త నెమ్మదీ పోతుందని ఆగానా? లేక, ఆ వదిన అనే పిలుపు చివరి రోజుల్లో పోగొట్టుకోలేక ఆగానా? మొదటిదే అని రాయాలని ఉంది. రాయలేను. దాహం వేస్తోందా బాబూ అని అడిగి, నీళ్ళు పట్టాను. తాగాడు. తొమ్మిదో రోజున పోయాడు.

క్షమించమని ఎవర్ని అడగను? అడగడానికి ఎవరూ మిగలకుండా చూసుకుని మరీ రాస్తున్నాను, అది కూడా నాకు తెలుసు. మీరు క్షమించినా అది మీ చేతిలోది కాదు. నాకు కావలసింది వేరే. ఆరోజు గట్టు మీద పదిమంది ముందు నోరు విప్పి చెప్పవలసిన మాట ఒకటుంది. దాన్ని ఒక్కసారి, వంకర లేకుండా, ఒకచోట పెట్టాలి.

మా గరువులో ఆ సగం మడికి వేసిన విత్తనంలో ఊద కలిపింది నేను. తెలిసి కలిపాను. గొర్రు మంచిదే. సన్నిబాబు సరిగ్గానే తోలాడు.